రెండో సబ్జెక్టుతో మొదలుపెట్టండి

(చీరాలలో ఇంటర్ పూర్తిచేసిన విద్యార్థులు, తల్లిదండ్రుల కోసం జరిగిన సమావేశంలో ఒక కమ్యూనికేషన్ అధ్యాపకురాలి ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? వినబడకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడొద్దు.

నన్ను పిలిచినవాళ్లు "జర్నలిజం కోర్సుల గురించి నాలుగు మాటలు చెప్పండి మేడమ్" అన్నారు. నేనే కాస్త మార్చి, కమ్యూనికేషన్ చదువుల గురించి చెప్తానన్నాను. జర్నలిజం అందులో ఒక భాగం. ప్రకటనలు, పబ్లిక్ రిలేషన్స్, రేడియో, డాక్యుమెంటరీలు, టీకాల ప్రచారం, ఎన్నికల ప్రచారం, మీ ఫోన్లో బ్యాంకు యాప్ తెరిస్తే కనిపించే తెలుగు మాటలు, ఇవన్నీ ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించి తయారుచేసినవే. ఆ ఆలోచించడం నేర్పే చదువు ఇది.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. కమ్యూనికేషన్ ఒక్కటే చదివితే చాలదు. దానికి తోడు ఇంకో సబ్జెక్టు కావాలి. అర్థశాస్త్రమో, ప్రజారోగ్యమో, చట్టమో, వ్యవసాయమో, కంప్యూటర్సో. ఆ రెండోది ఏమిటో తేల్చుకున్నాకే డిగ్రీ ప్లాను వేసుకోండి. మామూలుగా జరిగేది దీనికి తలకిందులు. ముందు కాలేజీ చూసుకుంటారు, తర్వాత గ్రూపు చూసుకుంటారు, చివరి ఏడాదిలో "ఇప్పుడేం చేద్దాం" అని టెన్షన్ పడతారు.

ఎందుకిలా అంటున్నానో చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. పక్కనే సముద్రం ఒడ్డున ఉన్న వాడరేవు దాకా వెళ్తే చాలు.

తుపాను సీజన్లో రేడియోలో, టీవీలో వచ్చే వార్త మీకందరికీ కంఠతా వచ్చేసి ఉంటుంది. "నైరుతి బంగాళాఖాతంలో ఏర్పడిన వాయుగుండం వాయవ్య దిశగా కదులుతూ రాగల ఇరవై నాలుగు గంటల్లో తీవ్ర వాయుగుండంగా బలపడే అవకాశం ఉంది. తీరం వెంబడి గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు వీస్తాయి. మత్స్యకారులు వేటకు వెళ్లరాదు." ఇందులో ఎక్కడా తప్పు లేదు. వాతావరణ శాఖ గాలి వేగాన్నిబట్టి పేరు పెడుతుంది. గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం, 50 అయితే తీవ్ర వాయుగుండం, 62 అయితే తుపాను, 89 అయితే తీవ్ర తుపాను. లెక్క పక్కాగా ఉంది.

మరి ఇది విన్నాక కూడా కొందరు వేటకు ఎందుకు వెళ్తారు?

మా ఫస్టియర్ పిల్లల్ని అడిగితే ముందుగా వచ్చే జవాబు "వాళ్లకి చదువు లేదు మేడమ్, అర్థం కాదు" అని. ఈ జవాబు విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. నీటి రంగు చూసి, గాలి తిరిగిన వైపు చూసి రేపు ఎలా ఉంటుందో చెప్పగలిగిన మనిషికి తుపానంటే అర్థం కాదా? వెళ్లి అడిగితే వేరే సంగతులు బయటపడతాయి. పడవ ఒకరిది, పెట్టుబడి ఇంకొకరిది. డీజిలుకి, ఐసుకి, వలలకి చేపల వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉంటారు. పట్టిన చేప ఆయనకే పొయ్యాలి. వారం రోజులు ఒడ్డున కూర్చుంటే ఆ బాకీ తీరదు. పైగా కిందటిసారీ ఇలాగే చెప్పారు, చినుకు పడలేదు. అంతకుముందు చెప్పినది ఒడిశా వైపు పోయింది. ఇన్నిసార్లు చెప్పి జరగకపోతే ఎవరికైనా చెవిన పడ్డ మాట మనసుకెక్కదు. మీరు మాత్రం ఫోన్లో వచ్చే ప్రతి అలర్టూ చదువుతున్నారా? (నవ్వులు)

ఇప్పుడు చూడండి. హెచ్చరిక రాసింది వాతావరణ శాస్త్రం. దాన్ని కిందికి పంపింది జిల్లా యంత్రాంగం. వెళ్లాలా వద్దా అన్నది తేల్చింది బాకీ లెక్క. మధ్యలో కమ్యూనికేషన్ ఒక్కటే చదివిన మనవాడు కూర్చుని "పోస్టరు రంగులమయంగా చేద్దాం, ఒక పాట కట్టిద్దాం" అంటే ఏం లాభం? అదే, మత్స్యకార కుటుంబంలో డబ్బు ఎటునుంచి వచ్చి ఎటు పోతుందో చదువుకున్నవాడైతే వేరేగా ఆలోచిస్తాడు. వేట మానేసిన రోజు ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో కూడా ఆ హెచ్చరికలో ఉండాలి కదా అని అధికారుల్ని అడుగుతాడు. ఊరి పెద్ద చెప్తే ఆగుతారా, అప్పిచ్చిన వ్యాపారి "ఈ వారం వద్దులే" అంటే ఆగుతారా అని కనుక్కుంటాడు. బహుశా మైకు పట్టుకుని తిరగాల్సింది ఆ వ్యాపారి ఇంటి ముందేనేమో!

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. వేల మంది పోయారు. ఈ హాల్లో ఉన్న పెద్దవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టింది. ఊరు ఊరంతా అతలాకుతలమైంది గానీ ప్రాణనష్టం దాంతో పోలిస్తే చాలా తక్కువ. మధ్యలో ఉపగ్రహాలు వచ్చాయి, రాడార్లు వచ్చాయి, తుపాను షెల్టర్లు కట్టారు. దాంతోపాటు, కబురు చివరి గుడిసె దాకా చేర్చి మనిషిని లేవదీసుకొచ్చే పద్ధతి కూడా మెరుగుపడింది. ఇంజనీర్ల పని గురించి అందరికీ తెలుసు. ఈ రెండో పనిని చదువుగా చదవొచ్చని మన ఇళ్లలో చాలామందికి తెలియదు.

చీరాల వచ్చి, చీరాల-పేరాల ఉద్యమాన్ని నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి పేరెత్తకుండా వెళ్తే మీరు ఊరుకోరు. నాకు ఆయన పేరు ఇక్కడ నిజంగానే అవసరం. బ్రిటిష్‌వాళ్ల కాలంలో చీరాల, పేరాల గ్రామాల్ని కలిపి మునిసిపాలిటీ చేశారు. నాలుగు వేల రూపాయలున్న పన్నులు నలభై వేలకు పెరిగాయని చరిత్రలో చదువుతాం. 1921లో జనం ఇళ్లు వదిలి, ఊరవతల రామనగర్ అని పాకలు వేసుకుని పదకొండు నెలలపాటు ఉన్నారు. అంతమందిని అన్ని నెలలు కదలకుండా ఉంచడం మాటలా? రామదండు అని వాలంటీర్లను తయారుచేశారు. పాటలు, పద్యాలు, ఛలోక్తులు... ఆయన నోరు విప్పితే జనం కదిలేవారు కాదంటారు. అందరూ ఆ గొంతు గురించే చెప్తారు. నేను మా పిల్లలకి ఇంకోటి చెప్తాను. ఆయన ఎడింబరోలో ఎం.ఏ. చదివొచ్చిన మనిషి. మునిసిపాలిటీ అంటే ఏమిటి, పన్ను ఎవరి మీద ఎంత పడుతుంది, దాన్ని కాదనడానికి ఉన్న దారులేమిటి అన్నది ఆయనకు క్షుణ్ణంగా తెలుసు. విషయం చేతిలో ఉంది కాబట్టే ఆ పాట పనిచేసింది.

సరే, ఇక కోర్సుల సంగతి.

బీఏ జర్నలిజం అంటారు, మాస్ కమ్యూనికేషన్ అంటారు, బీజేఎంసీ అంటారు, విజువల్ కమ్యూనికేషన్ అంటారు, మీడియా స్టడీస్ అంటారు. పేరు చూసి ఏదీ తేల్చుకోకండి. ఒకే పేరుతో రెండు కాలేజీల్లో రెండు రకాల చదువు ఉంటుంది. యూనివర్సిటీ వెబ్‌సైట్లో సిలబస్ ఉంటుంది, డౌన్‌లోడ్ చేసుకుని ఇంట్లో అందరూ కూర్చుని చదవండి. మూడు పేపర్లు ఉన్నాయో లేదో చూడండి: పరిశోధన పద్ధతులు, మీడియా చట్టాలు, ఏదో ఒక రూపంలో గణాంకాలు. ఇవి లేకుండా అన్నీ వీడియో ఎడిటింగు, ఫొటోషాపు, యాంకరింగు లాంటి పేపర్లే ఉంటే నాకు అనుమానం. ఆ సాఫ్ట్‌వేర్లు మీరు ఫైనలియర్‌కి వచ్చేసరికి మారిపోతాయి. పైగా వాటిని యూట్యూబ్ చూసి నేర్చుకోవచ్చు, దానికి మూడేళ్లూ ఫీజూ ఎందుకు?

చట్టాల పేపరంటే పిల్లలు మొహం చిట్లిస్తారు. కానీ పరువు నష్టం సంగతి ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్. వాట్సాప్‌లో ఒక మాట ఫార్వర్డ్ చేసినా అది మన మెడకు చుట్టుకోవచ్చు. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి దరఖాస్తు ఫీజే లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆ పైన పది. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. మీ వీధి డ్రైనేజీకి ఎంత మంజూరైందో, ఎంత ఖర్చయిందో ఫస్టియర్లోనే ఒక అర్జీ పెట్టి చూడండి. వచ్చిన జవాబు చదవడం, రాని జవాబు కోసం అప్పీలు చెయ్యడం... ఒక సెమిస్టరు పాఠం అందులోనే ఉంది.

థియరీ గురించి చెప్పాలి. "థియరీ ఎందుకు మేడమ్, ప్రాక్టికల్స్ పెట్టండి" అని ప్రతి బ్యాచ్‌లోనూ అడుగుతారు. 1968లో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు మెక్‌కోంబ్స్, షా అనే ఇద్దరు అధ్యాపకులు చాపెల్ హిల్ అనే ఊళ్లో ఎవరికి ఓటెయ్యాలో ఇంకా తేల్చుకోని వంద మందిని పట్టుకున్నారు. దేశంలో ముఖ్యమైన సమస్యలు ఏమిటని అడిగారు. అదే సమయంలో పత్రికల్లో, టీవీల్లో ఏ సమస్యకు ఎంత చోటిస్తున్నారో కొలిచారు. రెండు జాబితాలూ దాదాపు సరిపోయాయి. ఫలానావాడికి ఓటెయ్యమని మీడియా చెప్తే జనం వింటారో లేదో గానీ, ఫలానా దాని గురించి మాట్లాడుకోమంటే మాత్రం మాట్లాడుకుంటారన్నమాట. 1972లో దీన్ని ప్రచురించారు. ఎజెండా సెట్టింగ్ అంటారు.

ఇది పరీక్షలో రాసి మర్చిపోయే సంగతా? మన జిల్లా ఎడిషన్ పేజీలు నెలరోజులు దాచండి. చేనేత వార్తలు ఎన్నిసార్లు వచ్చాయి, ఎంత జాగాలో వచ్చాయి, అందులో చీర పట్టుకుని నాయకుడు నిలబడ్డ ఫొటోలెన్ని, మగ్గం గుంటలోకి నీళ్లొచ్చిన వార్తలెన్ని, లెక్కపెట్టండి. అప్పుడు నేతపని చేసేవాళ్ల వీధికి వెళ్లి "మీకున్న కష్టాల్లో పెద్దది ఏమిటి" అని ఇరవై ఇళ్లలో అడగండి. రెండు జాబితాలు పక్కపక్కన పెట్టండి. ఒక సమోసా ఖరీదు కూడా కాని ఖర్చుతో మీ చేతిలో ఒక పరిశోధన ఉంటుంది. మీరు ఉద్యోగానికి వెళ్లినప్పుడు చూపించేది అదే.

ఇస్రో పేరు చెప్తే నాన్నలు వింటారు కాబట్టి ఇంకోటి చెప్తాను. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు నాసా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో మన దేశంలో ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు పంపారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. సైట్ ప్రయోగం అంటారు. డిష్ యాంటెన్నాలు, టీవీ సెట్లు, వాటికి రిపేర్లు, ఆ కథ చాలామంది రాశారు. కానీ అదే ఇస్రో సోషల్ సైంటిస్టుల్ని కూడా తీసుకుంది. కొందరు పరిశోధకులు ఆ గ్రామాల్లోనే కాపురముండి, టీవీ ముందు ఎవరు కూర్చుంటున్నారు, ఎవరు లేచి వెళ్లిపోతున్నారు, చూసినదాంట్లో పొలం దాకా ఏది వెళ్తోంది అని రాసుకున్నారు. రాకెట్లు కట్టేవాళ్లకే ఆ అవసరం తెలిసింది.

మన రాష్ట్రంలో డిగ్రీ ఇప్పుడు మేజరు, మైనరు పద్ధతిలో నడుస్తోంది. మేజరంటే ప్రధాన సబ్జెక్టు, మైనరంటే దానికి తోడుగా చదివేది. మూడేళ్లకి డిగ్రీ పట్టా తీసుకుని బయటకు రావొచ్చు, నాలుగో ఏడాది చదివితే ఆనర్స్. ఈ నిబంధనలు ఏటా ఎంతోకొంత మారుతున్నాయి. కాబట్టి పోయినేడాది చేరిన అన్నయ్య చెప్పింది కాకుండా ఈ ఏడాది నోటిఫికేషన్ చూసుకోండి. నేను చెప్పే రెండో సబ్జెక్టుకి చోటు ఆ మైనరులోనే. చాలామంది మైనరు ఎలా తీసుకుంటారంటే, ఫ్రెండు ఏది తీసుకుంటే అది. లేదా ఏ సారు మార్కులు ఎక్కువ వేస్తారో అది. కమ్యూనికేషన్ మేజరుకి మీ కాలేజీలో ఏ మైనర్లు ఇస్తారో చేరకముందే అడగండి. మీకు కావాల్సింది లేకపోతే, తిరగేసి కూడా ఆలోచించండి. అర్థశాస్త్రమో, బీఎస్సీయో మేజరుగా చదివి, కమ్యూనికేషన్‌ని పీజీలో తీసుకున్నా బ్రహ్మాండంగా ఉంటుంది. మా డిపార్ట్‌మెంటుకి పీజీలో వచ్చేవాళ్లలో అలాంటి పిల్లలే త్వరగా అందుకుంటారు.

ఇక్కడ బైపీసీ పిల్లలు ఎంతమంది? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. నీట్ ర్యాంకు రాలేదని ఇంట్లో దిగాలుగా ఉందా? మీకు శరీరధర్మ శాస్త్రం వచ్చు, మందుల పేర్లు వింటే భయం లేదు. కోవిడ్ రోజుల్లో వాట్సాప్‌లో ఎన్ని కషాయాలు తిరిగాయో మీరే చూశారు. అది తప్పని తెలిసిన డాక్టరుకి అమ్మమ్మకు అర్థమయ్యేలా చెప్పడం రాదు, చెప్పడం వచ్చినవాడికి విషయం తెలియదు. ఆరోగ్య కమ్యూనికేషన్ అని ఒక పెద్ద రంగమే ఉంది. ఆసుపత్రులు, టీకాల కార్యక్రమాలు, యునిసెఫ్ లాంటి సంస్థలు ఇలాంటివాళ్ల కోసం చూస్తుంటాయి. ఎంపీసీ వాళ్లకి డేటా ఉంది. ఎంఈసీ వాళ్లకి బడ్జెట్ ఉంది, కంపెనీల బ్యాలెన్స్ షీట్లు ఉన్నాయి. ఇంటర్లో చదివింది పారేయకండి.

మొదటి ఏడాది అయ్యాక వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంటుంది. రూములో కూర్చుని సర్వే ఫారాలు నింపేసి, బంధువుల పేర్లు రాసేసి, బైండింగు చేయించి ఇచ్చేస్తారని మీ సీనియర్లు చెప్పే ఉంటారు. (నవ్వులు) మిగతా గ్రూపుల వాళ్లకు అది మొక్కుబడి కావచ్చు. కమ్యూనికేషన్ విద్యార్థికి మాత్రం చదువులో అసలు భాగం అదే. చీరాల పిల్లలైతే నేనిచ్చే టాపిక్ ఒకటుంది. నూలు ధర పెరిగిన సంగతి మగ్గం మీద కూర్చున్న మనిషికి ఎన్నో రోజున తెలుస్తుంది, ఎవరి ద్వారా తెలుస్తుంది? నూలిచ్చి నేయించుకునే మాస్టర్ వీవరు చెప్తాడా, సొసైటీలో తెలుస్తుందా, వాట్సాప్ గ్రూపులో వస్తుందా? ఆ ఇంట్లో ఫోను ఎవరి చేతిలో ఉంటుంది, ఆయన చేతిలోనా, ఆవిడ చేతిలోనా? ముందు తెలిసినవాడు ఏం చేస్తాడు, ఆలస్యంగా తెలిసినవాడు ఎంత పోగొట్టుకుంటాడు? ఒక్క వీధి తీసుకోండి చాలు. జిల్లా అంతా తిరగక్కర్లేదు.

వేసవి అన్నాను కదా, సముద్రం వైపు పిల్లలకైతే ఇంకా వీలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మరబోట్లు ఒడ్డునే ఉంటాయి, వాళ్లు వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. మామూలు రోజుల్లో తెల్లారుజామున వెళ్లినా దొరకని మనుషులు అప్పుడు తీరిగ్గా మాట్లాడతారు. వెళ్లినప్పుడు నోటుబుక్కు వెంటనే తియ్యకండి. ఫోను రికార్డింగు పెట్టేముందు అడగండి. వల అల్లే మనిషి చేతుల్ని చూస్తూ కాసేపు కూర్చోండి, వాళ్లే అడుగుతారు "ఎవరమ్మాయివి" అని.

ఇంటర్న్‌షిప్ దగ్గర పిల్లలందరి కళ్లూ టీవీ స్టూడియో మీదే ఉంటాయి. వెళ్లండి, వద్దనను. కాకపోతే చాలాచోట్ల మిమ్మల్ని వీడియోలకి హెడ్డింగులు పెట్టడానికి, యూట్యూబ్‌కి థంబ్‌నెయిల్స్ చెయ్యడానికి వాడుకుంటారు. నెల తిరిగేసరికి ఆ పని యంత్రంలా వచ్చేస్తుంది, అక్కడితో సరి. జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంఘం రేడియో ఉంది. 2008 అక్టోబరు 15న మొదలైంది, దళిత మహిళా రైతులే నడుపుతారు. 90.4 ఎఫ్‌ఎమ్. అలాంటి చోట పాటలు, విత్తనాల కబుర్లు, వైద్యం అన్నీ ఆ ఊరి మాటలోనే ఎలా ప్రసారమవుతాయో చూస్తే కలిగే జ్ఞానం వేరు. జిల్లా సమాచార శాఖ కార్యాలయంలో చెయ్యొచ్చు. పెద్దాసుపత్రిలో ప్రజా సంబంధాల విభాగంలో చెయ్యొచ్చు. మీ రెండో సబ్జెక్టు ఎక్కడ పనిచేస్తుందో అక్కడికి వెళ్లండి.

నాలుగో ఏడాదిలో ఆనర్స్ విత్ రీసెర్చ్ తీసుకునేవాళ్లకి పరిశోధన ప్రాజెక్టు ఉంటుంది. దానికి మీరు హైదరాబాదు పోవక్కర్లేదు. పక్కనే వేటపాలెంలో సారస్వత నికేతనం అనే గ్రంథాలయం ఉంది. 1918లో పెట్టింది, 1929లో గాంధీగారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. పాత తెలుగు పత్రికల సంపుటాల కోసం ఎక్కడెక్కడి పరిశోధకులో అక్కడికి వస్తారు. చీరాల పిల్లలు మాత్రం ఎప్పుడైనా స్కూలు విహారయాత్రలో తప్ప లోపలికి వెళ్లినట్టు కనిపించరు. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా పెట్టిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. చీరాల-పేరాల ఉద్యమం నాటి పత్రికలు మీ ఊరి గురించి ఏం రాశాయి, ఏం రాయలేదు? ఈ ప్రాజెక్టు చెయ్యడానికి మీకన్నా అర్హులెవరు?

భాష సంగతి. డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియం అయిపోయింది, పుస్తకాలన్నీ ఇంగ్లిష్‌లోనే. ఇంగ్లిష్ చదవడం రాకపోతే కష్టమే, దాచేదేం లేదు. రోజుకో ఇంగ్లిష్ సంపాదకీయం చదవండి. అయితే తెలుగు పత్రికలూ, జర్నలిజం స్కూళ్లూ పెట్టే పరీక్షల్లో ఇంగ్లిష్ వార్త ఇచ్చి తెలుగు చెయ్యమంటారు. మా పిల్లలు ఎక్కువగా తప్పేది అక్కడే. ఇంగ్లిష్ అర్థమవుతుంది, తెలుగు వాక్యం కుదరదు. యాప్‌లు, ఓటీటీలు, బ్యాంకులు అన్నీ తెలుగులోకి వస్తున్న ఈ రోజుల్లో చక్కటి తెలుగు వాక్యం రాయగలిగినవాళ్ల కొరత ఉంది. చాట్‌జీపీటీ రాసిస్తుంది కదా అంటారు. రాసిస్తుంది. అది రాసింది వాడరేవులో ఎవరైనా వింటారా లేదా అన్నది ఎవరు చెప్పాలి?

పీజీకి వెళ్లాలనుకుంటే దారులు చాలానే ఉన్నాయి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయానికి సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. అక్కడ బోల్ హైదరాబాద్ అని క్యాంపస్ రేడియో కూడా ఉంది. ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954 నుంచీ ఉంది. ఢిల్లీలో ఐఐఎంసీ, అంటే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్, 1965లో పెట్టారు, 2024లో డీమ్డ్ యూనివర్సిటీ అయింది. మనకు దగ్గర్లో నాగార్జున, అటు ఆంధ్రా, ఇటు తిరుపతిలో వెంకటేశ్వర, పద్మావతి మహిళా యూనివర్సిటీలు. డిగ్రీకే కేంద్రీయ విశ్వవిద్యాలయాలకి వెళ్లాలనుకుంటే సీయూఈటీ యూజీలో మాస్ మీడియా అని ఒక సబ్జెక్టు ఉంది. పరీక్ష తెలుగులో కూడా రాయొచ్చు.

ఇక ప్రశ్నలు అడగండి. ముందు ఆ చివర నిలబడ్డ నాన్నగారు.

(ఒక తండ్రి: "జీతాలు ఎలా ఉంటాయమ్మా? ఉన్నదున్నట్టు చెప్పండి.")

ఉన్నదున్నట్టే చెప్తానండీ. మొదట్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంతో పోలిస్తే తక్కువ. ఊళ్లలో కంట్రిబ్యూటర్లుగా చేసేవాళ్లకి చాలాచోట్ల నెలజీతమే ఉండదు, లైన్ అకౌంటు. అచ్చయిన వార్తని కొలిచి డబ్బులిస్తారు, దానికి తోడు యాడ్స్ తెమ్మంటారు. అది ఉద్యోగమని చెప్పి నేను మీ అబ్బాయిని పంపను. కార్పొరేట్ కమ్యూనికేషన్, యాప్‌లకి రాసే పని, ఆరోగ్య సంస్థలు, వీటిలో మెరుగ్గా ఉంటుంది. కానీ వాళ్లు రెండో సబ్జెక్టు అడుగుతారు. సర్కారు కొలువు కావాలంటే సివిల్స్ ద్వారా ఇండియన్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ ఉంది, రాష్ట్రంలో సమాచార శాఖ పోస్టులున్నాయి. అవి ఎప్పుడు పడతాయో దేవుడికే తెలియాలి. వాటినే నమ్ముకుని కూర్చోవద్దని చెప్పండి.

(ఒక విద్యార్థి: "అమెరికాలో మాస్టర్స్ చెయ్యొచ్చా మేడమ్?")

చెయ్యొచ్చు బాబూ. అయితే ఒకటి చూసుకో. మన ఇంజనీరింగ్ పిల్లలకి చదువయ్యాక అక్కడే పనిచేసుకోవడానికి ఏడాదిపాటు ఓపీటీ అనే అనుమతి, ఆపైన స్టెమ్ కోర్సులకి, అంటే సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం కోర్సులకి, ఇంకో 24 నెలలు వస్తుంది. కమ్యూనికేషన్ కోర్సుల్లో చాలావరకు స్టెమ్ జాబితాలో ఉండవు. ఏడాదితో సరి. ప్రతి కోర్సుకీ సిప్ కోడ్ అని ఒక నంబరు ఉంటుంది. అప్లికేషన్ ఫీజు కట్టకముందే ఆ నంబరు ఏమిటని యూనివర్సిటీకి మెయిల్ పెట్టి అడుగు. కన్సల్టెన్సీ వాళ్లు చెప్తే సరిపోదు. స్కాలర్‌షిప్పో, టీచింగ్ అసిస్టెంట్‌షిప్పో లేకుండా, ఇల్లు తాకట్టు పెట్టి ఆ కోర్సుకి వెళ్లడం నాకు ఇష్టం లేదు.

(ఒక విద్యార్థిని: "మంచి కాలేజీ ఒక్కటి పేరు చెప్పండి మేడమ్.")

పేరు చెప్తే ఇక్కడున్న రెండు మూడు కాలేజీల వాళ్లు నన్ను భోజనం చెయ్యనివ్వరమ్మా. (నవ్వులు) నువ్వే వెళ్లి చూడు, నాన్నగారిని తీసుకెళ్లు. బయట పెట్టిన ఫ్లెక్సీలో కెమెరా బొమ్మ చూసి రావద్దు. డిపార్ట్‌మెంటు ఎక్కడుందని అడిగి నేరుగా అక్కడికి వెళ్లు. పిల్లలు వేసే పత్రిక ఉంటుంది, ల్యాబ్ జర్నల్ అంటారు. ఆఖరి సంచిక చూపించమను. అది ఏ నెలదో చూడు. రెండేళ్ల కిందటిదైతే సంగతి తెలిసిపోతుంది. లోపల వార్తలు ఆ ఊరివా, లేక ఇంటర్నెట్లోంచి దించినవా చూడు. ప్రిన్సిపాల్ గారి ఫొటో ఎన్ని పేజీల్లో ఉందో కూడా లెక్కపెట్టు. సెకండియర్ వాళ్లెవరైనా కనబడితే పక్కకి పిలిచి, కిందటి నెలలో మిమ్మల్ని క్లాసు వదిలి బయటకు ఎన్నిసార్లు పంపారని అడుగు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వడం, ఫీజు కట్టడం ఇదంతా చూసుకున్నాకే.